ఇగా దొనబెను వాడే పద్ధతి: మొదటి గంజి నుంచి పగుళ్ల మరమ్మతు వరకు

జపాన్‌లో ఉంటున్న తెలుగువారు, అక్కడి నుంచి వస్తూ ఒక మట్టిపాత్రను బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు. కొత్త పాత్ర అడుగున తడి ఎందుకు ఊరుతోంది? రెండోసారి బయటకు తీసేసరికి బూజు వాసన ఎందుకు వస్తోంది? పొయ్యి మీద పెట్టిన కాసేపటికే టప్పుమని చప్పుడు చేసి ఎందుకు బీటవారింది? మూడింటికీ కారణం ఒకటే: మట్టి లోపల చేరిన నీరు. ఆ నీటిని ఎప్పుడు రానివ్వకూడదో, వచ్చినదాన్ని ఎలా బయటకు పంపాలో తెలిస్తే, కింద చెప్పిన సూచనలలో చాలావాటిని గుర్తు పెట్టుకోనవసరం లేకుండానే పాటించవచ్చు.

దొనబె అంటే జపనీయ భాషలో మట్టితో చేసిన వంటపాత్ర అని మాత్రమే అర్థం. ఇక్కడ చెప్పేది మియే ప్రిఫెక్చర్ (జపాన్‌లో మన రాష్ట్రం లాంటి విభాగం) పశ్చిమాన ఉన్న ఇగా ప్రాంతంలో, ముఖ్యంగా మరుబషిర పరిసరాలలో తయారయ్యే దొనబె గురించి. అక్కడి మట్టి సుమారు 40 లక్షల ఏళ్ల నాటి సరస్సు అడుగున పేరుకున్నది. అందులో కలిసిపోయిన మొక్కల అవశేషాలు ఆవంలో కాలిపోవడంతో పాత్ర గోడల నిండా కంటికి కనిపించని ఖాళీలు మిగులుతాయి. వాటిలో గాలి ఉంటే పాత్ర నెమ్మదిగా వేడెక్కి, ఆ వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది. అదే ఖాళీలలో నీరు ఉండగా అడుగున పెద్ద మంట పెడితే, ఆ నీరు ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది కనుక గోడ చీలడం తప్పదు.

## 1. కొనేముందు చూడవలసినవి

దుకాణంలో మొదట అడగవలసింది ధర కాదు, ఏ మట్టితో చేశారన్నది. అదే మియే ప్రిఫెక్చర్‌లోని యొక్కాయిచిలో తయారయ్యే బాంకో దొనబెలు కూడా దాదాపు ఇలాగే కనిపిస్తాయి. వాటి మట్టిలో పెటలైట్ అనే ఖనిజాన్ని కలుపుతారు కనుక అవి ఉష్ణోగ్రతలోని హెచ్చుతగ్గులను ఇగా పాత్రల కంటే ఎక్కువగా ఓర్చుకుంటాయి. బాంకో పాత్ర వాడిన అనుభవంతో ఇగా పాత్రను వాడితే నష్టపోతారు.

పరిమాణం దగ్గర మరో చిక్కు ఉంది. దొనబె కొలతను ‘గో’లలో చెబుతారు, బియ్యం కొలతను కూడా ‘గో’లలోనే చెబుతారు. ఉచ్చారణ ఒకటే అయినా అవి రెండు వేర్వేరు మాటలు. పాత్ర విషయంలో ఒక గో అంటే వ్యాసంలో సుమారు మూడు సెంటీమీటర్లు. బియ్యం విషయంలో ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 150 గ్రాములు. కాబట్టి 8 గో దొనబెలో ఎనిమిది గోల అన్నం వండవచ్చని అనుకోకండి. 6 గో పాత్ర ఒక్కరికి, 8 గో పాత్ర ఇద్దరు ముగ్గురికి, 9 గో పాత్ర నలుగురికి సరిపోతుంది. అన్నం కోసమే చేసే లోతైన, దళసరి పాత్రలకు మాత్రం ఎన్ని గోల బియ్యం పడుతుందో విడిగా రాసి ఉంటుంది.

కొనేటప్పుడు సరిచూసుకోవలసినవి:

- అడుగు బయటివైపు గాజుపూత లేకుండా గరుకుగా ఉంటుంది. ఇది లోపం కాదు.
- లోపలి గాజుపూత మీద సాలెగూడులాంటి సన్నని గీతలు ఉండవచ్చు. వాటిని కన్‌న్యూ అంటారు. మట్టి, గాజుపూత వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల అవి ఏర్పడతాయి, వాటితో ప్రమాదం లేదు.
- వేలిగోరు పట్టేంత లోతైన గీత అంచు నుంచి కిందికి దిగి ఉంటే ఆ పాత్రను తీసుకోకండి.
- మీ పొయ్యి ఇండక్షన్ అయితే మామూలు దొనబె అసలు వేడెక్కదు. ఇండక్షన్‌కు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసినదాన్నే కొనాలి.
- జపాన్‌లో 2008 నుంచి తయారవుతున్న ఇంటి గ్యాస్ పొయ్యిలలో దాదాపు అన్నింటి బర్నర్లకూ వేడిని పసిగట్టే సెన్సర్ ఉంటోంది. అది అడుగు బాగా వేడెక్కిందనుకుని మంటను తానే తగ్గించవచ్చు కనుక, దొనబెకు తగిన అమరిక ఉందేమో పొయ్యి పుస్తకంలో ముందే చూసుకోండి.

## 2. మొదటి రోజు: నానబెట్టవద్దు

మన ఇళ్లలో కొత్త మట్టికుండ తెస్తే ముందుగా రాత్రంతా నీళ్లలో నానబెడతాం. చేతికి అలవాటైన ఆ పని దొనబె దగ్గర సరిగ్గా తలకిందులవుతుంది. గాజుపూత లేని అడుగు నీటిని పీల్చుకుంటుంది, లోపలి గాజుపూత మాత్రం ఆ తడిని త్వరగా బయటకు పోనివ్వదు. నేను నా మొదటి దొనబెను మన కుండలాగే తొట్టిలో ముంచి, మర్నాడు పైపైన తుడిచి పొయ్యి ఎక్కించాను. అది రెండో వంట చూడలేదు.

చేయవలసింది ఇంతే. మెత్తని స్పాంజితో లోపలా బయటా దుమ్ము పోయేలా కడగాలి. సబ్బు అవసరం లేదు. తరువాత పొడిబట్టతో తుడిచి, అడుగు పైకి వచ్చేలా బోర్లించి, గాలి ఆడేచోట ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి. బోర్లించినప్పుడు అంచు కింద రెండు చెక్క గరిటెలో పుల్లలో పెడితే లోపలి గాలి కదులుతుంది. తడిసిన అడుగు ముదురు రంగులో కనిపిస్తుంది. ఆ రంగు అంతటా ఒకేలా తేలిపోయేదాకా తరువాతి పని మొదలుపెట్టకండి.

## 3. మెదొమె: గంజితో కన్నాలు మూయడం

మొదటి వంటకు ముందు గంజితో చేసే పనిని మెదొమె అంటారు. ‘మె’ అంటే కన్ను, ‘దొమె’ అంటే ఆపడం. కంటికీ కన్నానికీ మన భాషలో ఉన్న చుట్టరికమే అక్కడా ఉన్నట్టుంది. బియ్యపు పిండిపదార్థం సన్నని ఖాళీలలోకి చొరబడి అక్కడే గట్టిపడి వాటిని మూసివేస్తుంది, దానితో నీరు ఊరడం, వాసన పట్టడం బాగా తగ్గుతాయి.

కావలసినవి: వండిన అన్నం, నీళ్లు, చెక్క గరిటె, ఓపిక. మొత్తం పని సగం రోజు పడుతుంది కనుక సెలవు రోజున పెట్టుకోవడం మంచిది.

1. పాత్ర అడుగు పొడిగా ఉందో లేదో అరచేతితో తడిమి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉందన్నమాట.
2. పాత్రలో పది భాగాలకు ఏడు లేదా ఎనిమిది భాగాల వరకు మామూలు నీళ్లు పోయండి.
3. ఆ నీటిలో సుమారు అయిదో వంతు అన్నం వేసి, ఉండలు విడిపోయేలా కలపండి.
4. మూత పెట్టకుండా చాలా సన్నని మంట మీద ఉంచండి. మొదటి పావుగంటలో మంటను పెంచకండి.
5. ఉడుకు మొదలయ్యాక అడుగంటకుండా మధ్యమధ్య కలుపుతూ, అన్నం మెత్తబడి జిగురు గంజిలా చిక్కబడేవరకు ఉంచండి. దీనికి దాదాపు గంట పడుతుంది.
6. పొయ్యి ఆపి, పాత్రను కదపకుండా పూర్తిగా చల్లారనివ్వండి. గంజి లోపలికి ఇంకి పట్టు దొరికేది ఈ సమయంలోనే.
7. గంజిని పారబోసి, నీళ్లతో కడిగి, బోర్లించి ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఆరో అంచె దగ్గర. వేడిగా ఉండగానే గంజిని ఒంపి చల్లని నీళ్లతో కడిగితే మెదొమె ఫలితం దక్కదు సరికదా, పాత్ర బీటవారే ప్రమాదం కూడా ఉంటుంది. అన్నం లేకపోతే మైదా గానీ బంగాళదుంప పిండి గానీ నీళ్లలో కలిపి ఇలాగే కాచవచ్చు, కాని నా దృష్టిలో అన్నపు గంజికి సాటి రాదు.

ఈ పని జీవితంలో ఒక్కసారితో తీరేది కాదు. నెలల తరబడి వాడకుండా ఉంచినప్పుడు, అడుగున చెమ్మ మళ్లీ కనిపించినప్పుడు, వెనిగర్‌తో శుభ్రం చేసినప్పుడు మళ్లీ చేయాలి.

## 4. పొయ్యి మీద పెట్టే క్రమం

ప్రతిసారీ పొయ్యి వెలిగించేముందు ఈ అయిదూ చూసుకోండి.

- అడుగు బయటివైపు పొడిగా ఉంది.
- లోపల నీరు గానీ పులుసు గానీ ఉంది, పాత్ర ఖాళీగా లేదు.
- పదార్థం అంచుకు రెండు మూడు వేళ్ల కిందే ఆగింది.
- స్టాండు మీద పాత్ర ఊగకుండా నిలిచింది.
- ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని పాత్రను నేరుగా తెచ్చి పెట్టలేదు.

మొదటి అయిదు నిమిషాలు సన్నని మంట మీద ఉంచి, తరువాత మధ్యస్థంగా పెంచాలి. మంట నాలుకలు అడుగు అంచు దాటి పక్కలకు పాకకూడదు. అలా పాకితే పక్కగోడ ఒక వేడిలో, అడుగు మరో వేడిలో ఉండి, ఆ రెండూ కలిసేచోట పగులు పుడుతుంది.

దింపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త ఉండాలి. తడి గ్రానైట్ గట్టు మీద, స్టీలు సింకులో వేడి దొనబెను పెట్టకండి. దళసరి చెక్కపలక గానీ, గడ్డితో అల్లిన చుట్టకుదురు గానీ సిద్ధంగా ఉంచుకుని దాని మీదనే దింపండి. పిడులు కూడా మట్టివే కనుక రెండు చేతులకూ మసిగుడ్డలు కావాలి.

## 5. అన్నం వండడం

ఇగా దొనబె కొన్నవారిలో చాలామంది అన్నం కోసమే కొంటారు కనుక ఈ భాగాన్ని కొంత వివరంగా రాస్తున్నాను. మొదట జపనీయ పొట్టి బియ్యంతో, రెండు మూతలున్న దళసరి అన్నపు దొనబెలో వండే పద్ధతి.

1. రెండు గోల బియ్యం, అంటే 300 గ్రాములు తీసుకోండి. మొదటి నీళ్లు పోసి రెండుసార్లు కలిపి వెంటనే వంపేయండి. పొడి బియ్యం మొదటి నీటినే ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక తవుడు వాసన లోపలికి పోకుండా ఈ తొందర అవసరం. తరువాత మూడు నాలుగుసార్లు కడగండి.
2. వేరే గిన్నెలో, దొనబెలో కాదు, 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టండి. చలికాలంలో గంట అవసరమవుతుంది.
3. నీళ్లు పూర్తిగా వడకట్టి, బియ్యాన్ని దొనబెలో వేసి, కొత్తగా 400 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోయండి.
4. లోపలి మూత, పైమూత పెట్టండి. రెండు మూతల రంధ్రాలు ఒకే వరుసలో కాకుండా ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి. అప్పుడు ఆవిరి తిన్నగా బయటపడకుండా లోపలే కాస్త ఒత్తిడి నిలుస్తుంది, పొంగు కూడా తగ్గుతుంది.
5. మధ్యస్థం కంటే కొంచెం పెద్ద మంట పెట్టండి. బియ్యం వేసిన ఈ దళసరి పాత్రకు మాత్రం మొదటి సన్నని మంట అక్కరలేదు. సుమారు 10 నుంచి 13 నిమిషాలకు పైరంధ్రంలోంచి ఆవిరి ధారగా చిమ్ముతుంది.
6. ఆవిరి అలా చిమ్మడం మొదలయ్యాక ఒకటి రెండు నిమిషాలు ఆగి పొయ్యి ఆపేయండి. అడుగున ఎర్రని మాడుచెక్క కావాలనుకుంటే మరో నిమిషం ఉంచండి. దాన్ని ఒకోగె అంటారు, ఇష్టంగా తింటారు.
7. మూత తీయకుండా 20 నిమిషాలు వదిలేయండి. సగం వంట ఈ ఇరవై నిమిషాలలో, మంట లేకుండానే జరుగుతుంది. మధ్యలో మూత ఎత్తి చూస్తే పైమెతుకులు పలుకుగా మిగులుతాయి.
8. తడిపిన చెక్క హస్తంతో అడుగు నుంచి పైకి తిరగవేసి, చెమ్మ ఆరనిచ్చి వడ్డించండి.

ఒకే మూత ఉన్న వెడల్పాటి మామూలు దొనబె అయితే ఆవిరి త్వరగా పోతుంది, వేడి నిల్వ కూడా తక్కువ. అందులో మధ్యస్థ మంట మీద మరగడం మొదలయ్యేదాకా ఉంచి, సన్నని మంటకు తగ్గించి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, పొయ్యి ఆపి పావుగంట మగ్గనివ్వాలి.

సోనామసూరి వంటి మన బియ్యానికి ఆ నీటి కొలత చాలదు. కొత్త బియ్యమైతే గ్లాసుకు గ్లాసుముప్పావు, ఏడాది దాటిన పాత బియ్యమైతే రెండు గ్లాసులతో మొదలుపెట్టి, రెండోసారికి మీ బియ్యాన్నిబట్టి మార్చుకోండి. మూత గట్టిగా పట్టే పాత్రలో ఆవిరి నష్టం తక్కువ కనుక మామూలు గిన్నె అలవాటుతో రెండున్నర గ్లాసులు పోస్తే అన్నం ముద్దవుతుంది. గంజి వార్చే పద్ధతి మాత్రం దీనికి తగదు. నిండు వేడిలో బరువైన మట్టిపాత్రను వంచడం చేతులకూ పాత్రకూ ప్రమాదమే.

## 6. పప్పు, పులుసు, తాలింపు

మన వంటకూ ఈ పాత్రకూ పడని చోటు ఒకటే: తాలింపు. మనం గిన్నె పెట్టి నూనె కాచి ఆవాలు వేసి అక్కడి నుంచే కూర మొదలుపెడతాం. దొనబెను ఖాళీగా వేడిచేయడం, అందులో నూనె కాచడం, వేయించడం చేయకూడదు. ఖాళీగా కాల్చవచ్చని తయారీదారు ప్రత్యేకంగా చెప్పిన రకాలు కొన్ని ఉన్నాయి, వాటిని మినహాయించండి. తాలింపును చిన్న బాణలిలో విడిగా వేసి, ఉడికిన పప్పులోనో చారులోనో చివర కలపండి. అలా కలిపేటప్పుడు పాత్రలోని పదార్థం వేడిగా ఉండాలి.

కందిపప్పు దొనబెలో చక్కగా ఉడుకుతుంది. గంటసేపు నానబెట్టి, ఉప్పు వేయకుండా, సన్నని సెగ మీద ఉడికించి, పలుకు కొద్దిగా మిగిలి ఉండగానే పొయ్యి ఆపి మూతపెట్టి వదిలేస్తే మిగతా పని పాత్ర చూసుకుంటుంది. ఆకుకూరలు, గుడ్లు వేసినప్పుడు కూడా ఈ నిల్వవేడిని లెక్కలోకి తీసుకుని మామూలు కంటే అయిదు నిమిషాల ముందే పొయ్యి ఆపాలి, లేకపోతే అవి బల్ల మీదకు వచ్చాక కూడా ఉడుకుతూనే ఉంటాయి.

చింతపండు పులుసు, చేపల పులుసు ఇందులో వండవచ్చు. కాని వాసనా పసుపు మరకా మట్టిలోకి దిగి ఉండిపోతాయి కనుక, అన్నానికి వాడే పాత్రను వాటికి వాడకండి. ఒక్కటే కొనగలిగితే అన్నానికే ఉంచుకోండి, పులుసుకు మన కుమ్మరులు చేసే దాక ఉండనే ఉంది. వండినదాన్ని రాత్రంతా అందులోనే నిలవ ఉంచడం, పెరుగు తోడుపెట్టడం, ఊరగాయ కలపడం వద్దు.

## 7. కడగడం, ఆరబెట్టడం, దాచడం

పాత్ర పూర్తిగా చల్లారాక గోరువెచ్చని నీళ్లతో, మెత్తని స్పాంజితో కడగాలి. జిడ్డు ఉంటే కొద్దిపాటి సబ్బు వాడి వెంటనే కడిగేయవచ్చు గానీ, సబ్బునీళ్లలో నానబెడితే తరువాతి అన్నంలో సబ్బు వాసన వస్తుంది. ఇనుప పీచు వద్దు, గిన్నెలు కడిగే యంత్రం అసలే వద్దు.

ఆరబెట్టడం కడగడం కంటే ముఖ్యం. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. మామూలు రోజులలో ఒక రాత్రి, వానాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. జపాన్‌లో జూన్, జూలై నెలల ముసురులో, కోస్తా జిల్లాల తేమలో ఇంకా ఆలస్యమవుతుంది. ఎండలో పెట్టినా తప్పు లేదు, వేడి మీద ఉన్న పాత్రను కాకుండా చల్లారినదాన్ని పెట్టాలి.

దాచేటప్పుడు లోపల నలిపిన న్యూస్‌పేపర్ పెట్టి, మూతను తిరగేసి ఉంచితే గాలి తగులుతుంది. సింకు కింది అరలో, ప్లాస్టిక్ సంచిలో, కొన్నప్పటి అట్టపెట్టెలో దాచవద్దు. బూజు పట్టేది ఎక్కువగా అక్కడే.

## 8. ఏదైనా తప్పు జరిగితే

అడుగంటి మాడిపోయింది. గీకకండి. మాడినంత మేర నీళ్లు పోసి, ఒక చెంచా వంటసోడా వేసి, సన్నని మంట మీద పది నిమిషాలు మరిగించి, అలాగే చల్లారనివ్వండి. చెక్క గరిటెతో తోస్తే ఊడివస్తుంది. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్లీ చేయండి.

వాసన పట్టింది. వాడేసిన గ్రీన్‌టీ ఆకులను నీళ్లలో వేసి పది పదిహేను నిమిషాలు మరిగించి చల్లార్చండి. మామూలు టీ ఆకు వాసన లాగినా రంగు దింపుతుంది.

బూజు పట్టింది. పైబూజును కడిగి, పాత్రలో ఎనభై శాతం నీళ్లకు రెండు మూడు చెంచాల వెనిగర్ కలిపి పది నిమిషాలు మరిగించండి. బాగా ఆరబెట్టి, మళ్లీ మెదొమె చేయండి.

అడుగున చెమ్మ ఊరుతోంది. వండుతూ ఉండగా బొట్లు బొట్లుగా కారుతుంటే మంట ఆపి చల్లారనివ్వండి. పూర్తిగా ఆరాక చిక్కటి జావ కాచి, సగం రోజు అందులోనే ఉంచి పారబోయండి. ఇగా పాత్రలకు ఇలాంటి చెమ్మ మొదటి నెలలలో సహజమే, వాడేకొద్దీ పిండి పదార్థం పేరుకుని తగ్గుతుంది.

వంట మధ్యలో నీళ్లు తగ్గాయి. చల్లని నీళ్లు పోయకండి. పక్కపొయ్యి మీద కాచిన నీళ్లను కొద్దికొద్దిగా కలపండి.

పగులు కనిపించింది. దీనికి ఒకే జవాబు లేదు. అడుగు బయటివైపు, గాజుపూత లేని భాగంలో వెంట్రుకవాసి నెర్రెలు రావడం పాత్ర వేడికి సాగి సర్దుకోవడంలో భాగం, వాడుకోవచ్చు. లోపలి నుంచి బయటిదాకా ఒకేచోట గీత కనిపిస్తే, న్యూస్‌పేపర్ మీద పెట్టి నీళ్లు పోసి గంటసేపు చూడండి. కాగితం చెమర్చితే జావతో ఒకసారి ప్రయత్నించవచ్చు. కారి మడుగు కడితే ఇక పొయ్యి ఎక్కించకండి. ఎపాక్సీ, సిమెంటు వంటివి పూసి వంటకు వాడకూడదు. ఉరుషి అనే చెట్టు జిగురుతో, బంగారుపొడితో అతికే కిన్‌త్సుగి పద్ధతి కూడా నేరుగా మంట తగిలే పాత్రకు పనికిరాదు. అలాంటి పాత్రలో చిల్లు పెద్దదిగా ఉంటే మట్టి నింపి కరివేపాకు మొక్క పెట్టుకోవచ్చు, మూత బాగుంటే దాన్ని దాచండి, అదే కొలత పాత్ర మళ్లీ కొన్నప్పుడు ముందుగా పగిలేది మూతే.